గోపురం కట్టే ముందు

2025 జూన్‌లో నేను అమెరికా వెళ్లే ముందురోజు సాయంత్రం మా సంఘపెద్ద ఒకరు ఇంటికి వచ్చారు. మిషన్ హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠం చెప్పి రిటైరైన మాస్టారాయన. ఎనిమిది నుంచి పది దాకా నాకు ఇంగ్లీషు నేర్పింది కూడా ఆయనే. ఇప్పుడు ఆయన నన్ను ‘అయ్యగారూ’ అంటారు, నేను ఆయన్ని ‘మాస్టారూ’ అంటాను. ముందుగా ఎవరు వందనం చెప్పాలన్న దగ్గర మా ఇద్దరికీ ఆదివారం ఆదివారం చిన్న పోటీ!

‘‘అయ్యగారూ, డాలస్‌లో మావాడింటికి కూడా వెళ్తున్నారుగా. మనవరాలికి నాలుగు మంచిమాటలు చెప్పి రండి. కాలేజీలో ఇంగ్లీషు లిటరేచర్ చదువుతానంటోందట. అమెరికాలో పుట్టినపిల్ల అమెరికాలో ఇంగ్లీషు చదవడమేమిటండీ? కంప్యూటర్స్ తీసుకోమనండి. డబ్బు చాలకపోతే ఇక్కడ నా ఎకరం అమ్మి పంపుతానని చెప్పండి’’ అన్నారు.

సరేనన్నాను. ఇతరుల భారాలు మోసుకెళ్లడం మావంటివారికి అలవాటే. కాని విమానంలో కూర్చున్నాక ఒక సంగతి తట్టి నవ్వొచ్చింది. ఆయన డాబా ఇల్లు, కొడుకు ఇంజనీరింగ్ చదువు, చివరకు అమ్ముతానంటున్న ఆ ఎకరం... అన్నీ ఇంగ్లీషు పాఠం చెప్పి సంపాదించినవే కదా! ఆ మాట ఆయన ముఖం మీద అనలేకపోయాను. పదో తరగతిలో బెత్తం దెబ్బలు తిన్నవాడికి ఆ ధైర్యం యాభై దాటాక కూడా రాదు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఊళ్లలో మనవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆదివారం ఆరాధన తర్వాత మాస్టారి కొడుకు ఇంట్లో భోజనం. గోంగూర పప్పు వడ్డిస్తుండగానే విషయం బల్ల మీదికి వచ్చింది. అమ్మాయికి పదిహేడేళ్లు. 2026 ఆగస్టులో కాలేజీలో చేరాలి. ఈశాన్యాన ఒక పేరున్న ప్రైవేటు కాలేజీ మీద మనసు పెట్టుకుంది. అక్కడే ఇంగ్లీషు చదవాలట. తండ్రి బాధ వేరు. ‘‘చదవొద్దనడం లేదు అయ్యగారూ. కాని లక్ష డాలర్ల అప్పు చేసి ఇంగ్లీషా?’’

ఈ ఒక్క వాక్యంలో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయని నాకనిపించింది. లక్ష డాలర్ల అప్పు సబబేనా అన్నది ఒకటి. ఇంగ్లీషు డిగ్రీ పనికొస్తుందా అన్నది రెండోది. ఇంట్లో మూడు నెలలుగా జరుగుతున్న గొడవంతా రెండోదాని మీదే. మొదటిదాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. గోపురం కట్టదలచినవాడు మొదట కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగిన ప్రశ్న లూకా పద్నాలుగో అధ్యాయంలో ఉంది. శిష్యత్వం గురించి చెబుతూ ఆయన ఎంచుకున్న ఉపమానం అది. అందులో ‘కూర్చుని’ అన్న మాట నాకెప్పుడూ ముఖ్యంగా కనిపిస్తుంది. నిలబడి అరుచుకుంటే లెక్క తెగదు. భోజనాలయ్యాక కంచాలు తీయించి, కాగితం తెప్పించి, ముగ్గురం కూర్చున్నాం.

మన పాఠకుల కోసం అక్కడి పద్ధతి కొంచెం వివరించాలి. అమెరికాలో డిగ్రీ చదివే పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వమే అప్పిస్తుంది. ఆస్తి తాకట్టు అక్కర్లేదు, తండ్రి షూరిటీ అక్కర్లేదు. అయితే దానికో కంచె ఉంది. తల్లిదండ్రుల పోషణలో ఉన్న విద్యార్థికి మొదటి ఏడు 5,500 డాలర్లు, రెండో ఏడు 6,500, మూడు నాలుగు సంవత్సరాల్లో 7,500 చొప్పున మాత్రమే ఇస్తారు. నాలుగేళ్లకు కలిపి 27,000. సాహిత్యమైనా, ఇంజనీరింగైనా హద్దు ఒకటే. ఇది అక్కడ పుట్టిన పిల్లలకూ, గ్రీన్‌కార్డు ఉన్నవారికీ వర్తిస్తుంది. ఆ సంఘంలోనే మరో ఇంట్లో హైదరాబాదులో పుట్టి, మూడేళ్ల వయసులో తల్లి చంకనెక్కి వెళ్లిన అబ్బాయి ఉన్నాడు. తండ్రిది హెచ్1బి కాబట్టి వాడిది ఇంకా హెచ్4 వీసానే. ఒకే బడి, ఒకే బస్సు, అయినా ఆ అబ్బాయికి ఈ అప్పు పుట్టదు. అక్కడే పుట్టిన వాడి చెల్లెలికి పుడుతుంది. ఆ తల్లి నాతో చెప్పుకుని ఏడ్చింది. అది మరో రోజు రాయాల్సిన కథ.

27,000 సరిపోకపోతే? అప్పుడు అప్పు తండ్రి పేర వస్తుంది. దాన్ని పేరెంట్ ప్లస్ అంటారు. ఇదివరకు కాలేజీ ఖర్చు ఎంతైతే అంతదాకా తల్లిదండ్రులు తెచ్చుకునేవారు, పైహద్దు ఉండేది కాదు. నేను అక్కడ ఉండగానే, 2025 జూలై 4న, అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన పెద్ద చట్టంలో దానికి హద్దు పెట్టారు. 2026 జూలై 1 నుంచి తీసుకునే కొత్త అప్పుల్లో ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 డాలర్లు మించకూడదు. మా అమ్మాయి సరిగ్గా ఆ కొత్త హద్దుల్లోకే అడుగు పెడుతోంది.

ఇక ఫీజులు. కాలేజ్ బోర్డు సంస్థ లెక్క ప్రకారం 2024-25లో ప్రైవేటు కాలేజీల సగటు ఫీజు ఏడాదికి 43,350 డాలర్లు. అదే రాష్ట్రవాసులు తమ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరితే 11,610. మొదటి రెండేళ్లు చదువుకునే కమ్యూనిటీ కాలేజీలో 4,050. ఇవి ఫీజులు మాత్రమే. తిండి, వసతి వేరు. ప్రైవేటు కాలేజీలు బోర్డు మీద రాసిన ధరకు రాయితీలిస్తాయి, మన బట్టల షాపులో ఆషాఢం డిస్కౌంటులాగా. అందుకే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నికర ఖర్చు ఎంతో చూసుకునే లెక్కయంత్రం పెట్టాలని 2011 నుంచి అక్కడ నిబంధన. అమ్మాయే ఫోన్‌లో చూసి చెప్పింది. రాయితీ పోగా, తండ్రి దాచిన సొమ్ము పోగా, ఆ కాలేజీకి ఇంకా దాదాపు 92,000 డాలర్లు అప్పు చేయాలి. అంటే అమ్మాయి పేర 27,000, తండ్రి పేర 65,000. రెండు కంచెల్నీ తాకేదాకా అన్నమాట!

వడ్డీ రేటు 2025-26 సంవత్సరానికి విద్యార్థి అప్పు మీద 6.39 శాతం, తల్లిదండ్రుల అప్పు మీద 8.94 శాతం. మన పల్లె లెక్కలో నూటికి నెలకు యాభై మూడు పైసలు, డెబ్భై అయిదు పైసలు. ‘‘ఇంతేనా!’’ అనుకుంటాం, రెండు రూపాయల వడ్డీకి అలవాటుపడ్డవాళ్లం కదా. కాని అసలు కొండంత ఉన్నప్పుడు పైసలు కూడా రాళ్లే. పదేళ్లలో తీర్చాలంటే 27,000కు నెలకు 305 డాలర్లు కట్టాలి. 65,000కు నెలకు 821. కలిపి 1,126. తండ్రి వాటా ఒక్కటే పదేళ్లలో దాదాపు 98,500 డాలర్లవుతుంది. ఆయనకిప్పుడు యాభై మూడేళ్లు. చదువయ్యాక కట్టడం మొదలుపెడితే చివరి వాయిదా అరవై ఎనిమిదో ఏట.

కాగితానికి రెండో పక్క సంపాదన. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఏ డిగ్రీ చదివినవారు ఎంత సంపాదిస్తున్నారో లెక్కలు ప్రకటిస్తూ ఉంటుంది. 2025 నాటి లెక్కల్లో ఇంగ్లీషు చదివిన యువతకు తొలి ఏళ్లలో మధ్యస్థ జీతం ఏడాదికి 45,000 డాలర్ల దగ్గర, కంప్యూటర్ సైన్స్ వారికి 80,000 దగ్గర. ఇంగ్లీషు వారిలో దాదాపు సగం మంది మొదట్లో డిగ్రీ అవసరం లేని ఉద్యోగాల్లోనే ఉంటారు. అన్ని డిగ్రీలూ కలిపినా నూటికి నలభై మంది పరిస్థితి అదేననుకోండి. అమెరికాలో ఇంగ్లీషు డిగ్రీ తీసుకునేవారి సంఖ్య 2010 తర్వాతి పదేళ్లలో దాదాపు మూడో వంతు తగ్గిందంటే ఆశ్చర్యం లేదు. మాస్టారి భయం మాస్టారిది మాత్రమే కాదు.

45,000 అంటే నెలకు 3,750, పన్నులు కట్టకముందు. అందులో 305 అంటే పన్నెండో వంతు. ఇబ్బందే గాని బతకొచ్చు. 1,126 అంటే దాదాపు మూడో వంతు! డాలస్‌లో చిన్న అపార్ట్‌మెంటు అద్దె కట్టి, కారు వాయిదా కట్టి, ఇదీ కట్టాలంటే ఆ పిల్ల తిండి మానేయాలి, లేదా తండ్రి మీద పడాలి. ‘మొత్తం అప్పు మొదటి ఏడాది జీతాన్ని మించకూడదు’ అని అక్కడి సలహాదారులు చెప్పే ఒక మొరటు కొలత ఉంది. 27,000 అప్పు 45,000 జీతం కింద హాయిగా ఇముడుతుంది. 92,000 అందులో ఇమడదు. అంటే తూకంలో తేలిపోయింది ఇంగ్లీషు కాదు, ఆ కాలేజీ ధర! అదే డిగ్రీని ఇంటి నుంచి కారులో వెళ్లొచ్చే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివితే నాలుగేళ్ల సగటు ఫీజు 46,440. తండ్రి దాచినదానితో చాలా భాగం తీరుతుంది, మిగిలింది అమ్మాయి పేర ఆ కంచెలోపలే సర్దుకుంటుంది.

ఇక్కడిదాకా వచ్చాక అమ్మాయి తండ్రి వైపు తిరిగి అడిగింది: ‘‘డాడీ, నేను కంప్యూటర్స్ అనుంటే ఆ కాలేజీకే సైన్ చేసేవారా?’’

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘చేసేవాణ్ణి’’ అన్నాడు.

నిజాయితీ గల జవాబు. మన ఇళ్లలో చాలామంది చెప్పాల్సిన జవాబు కూడా. ఇంగ్లీషుకైతే జీతమెంత అని నిలదీస్తాం, కంప్యూటర్‌కైతే కళ్లు మూసుకుని సంతకం పెడతాం. ఆ న్యూయార్క్ ఫెడ్ లెక్కల్లోనే 2025లో బయటికొచ్చిన విషయమొకటి అక్కడి పత్రికలన్నీ రాశాయి. కొత్తగా కంప్యూటర్ సైన్స్ పట్టా పొందినవారిలో నిరుద్యోగం 6.1 శాతం, తత్వశాస్త్రం చదివినవారిలో 3.2 శాతమే. అలాగని మీ పిల్లలందర్నీ తత్వశాస్త్రంలో చేర్చండని నేననడం లేదు! జీతం రావచ్చు, రాకపోవచ్చు. వాయిదా మాత్రం ఒకటో తేదీకల్లా వస్తుంది. ఏ డిగ్రీకైనా ఈ తేడా ఒకటే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. హార్వర్డ్‌లో డేవిడ్ డెమింగ్ అనే ఆర్థికవేత్త, తన సహచరుడు కదీమ్ నొరేతో కలిసి, ఇంజనీరింగ్, కంప్యూటర్ పట్టభద్రులకు మొదట్లో ఉండే జీతం ఆధిక్యం తర్వాతి పదేళ్లలో సగానికి సగం కరిగిపోతుందని చూపించాడు. ఆ రంగాల్లో నేర్చుకున్న నైపుణ్యం త్వరగా పాతబడుతుందట. సాహిత్యం చదివినవారు నెమ్మదిగా ఎక్కుతారు. వారిలో కొందరు న్యాయశాస్త్రానికో, నిర్వహణకో, బోధనకో మళ్లుతారు. కాని అప్పు వాయిదాలు ఆ నెమ్మదిని చూసి ఆగవు. అసలు చిక్కంతా అక్కడే. జీతం తక్కువగా ఉన్న తొలి పదేళ్లలోనే వాయిదా బరువు నెత్తిమీద ఉంటుంది. అందుకే తక్కువ అప్పు ఇంగ్లీషు పిల్లకు అందరికన్నా ఎక్కువ అవసరం.

‘‘టీచర్ అయితే గవర్నమెంట్ లోన్ మాఫీ చేస్తుంది కదా’’ అంది అమ్మాయి. కొంత నిజమే. పేదపిల్లల బడిలో వరసగా అయిదేళ్లు పనిచేసిన ఉపాధ్యాయులకు మాఫీ ఉంది. హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెబితే 17,500 డాలర్ల దాకా. ఇంగ్లీషు చెబితే 5,000! ప్రభుత్వం వేసే తూకం కూడా మాస్టారి తూకంలాంటిదే. ఇది కాక, 2007లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ కొలువుల్లోనో, లాభాపేక్ష లేని సంస్థల్లోనో చేస్తూ 120 నెలలు వాయిదాలు సక్రమంగా కడితే మిగిలిన ఫెడరల్ అప్పు రద్దవుతుంది. మంచి ఏర్పాటే. కాని నియమాలు ప్రభుత్వం మారినప్పుడల్లా కదులుతూ ఉంటాయి. అధ్యక్షుడు బైడెన్ ప్రకటించిన సామూహిక మాఫీని 2023 జూన్ 30న సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు, అప్పటికే ఆ డబ్బు లెక్కలోంచి తీసేసుకున్నవాళ్లు ఎంత కుంగిపోయారో ఆ సంఘంలోని యువకులు నాకు చెప్పారు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. అమెరికాలో వ్యాపారం దెబ్బతిన్నవాడు కోర్టుకెళ్లి దివాలా తీసి మళ్లీ బతుకు మొదలుపెట్టొచ్చు. విద్యార్థి అప్పుకు ఆ దారి దాదాపు మూసేశారు. 1976 చట్టం అయిదేళ్లు ఆగితే దివాలాలో పోతుందంది. 1990లో దాన్ని ఏడేళ్లు చేశారు. 1998లో ఆ గడువే ఎత్తేశారు. భరించలేని కష్టం ఉందని కోర్టులో రుజువు చేస్తే తప్ప అప్పు పోదు. 2005లో ప్రైవేటు బ్యాంకుల విద్యార్థి అప్పులకూ అదే వర్తింపజేశారు. ద్వితీయోపదేశకాండం పదిహేనో అధ్యాయం చదివినవారికి ఆ ఏడేళ్ల సంగతి చటుక్కున తడుతుంది. ఇశ్రాయేలీయుల మధ్య ఏడో ఏట అప్పుల విడుదల ఉండాలన్నది అక్కడి ఆజ్ఞ. అమెరికా శాసనకర్తలు దాన్ని చూసి ఏడు పెట్టారని కాదు, ఎనిమిదేళ్ల తర్వాత దాన్నీ తుడిచేశారు.

రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో ఎలీషా దగ్గరికి మొరపెట్టుకుంటూ వచ్చిన విధవరాలు ఎవరి భార్య? ప్రవక్తల శిష్యుల్లో ఒకడి భార్య. అంటే ఆ కాలపు వేదాంత విద్యార్థి భార్య అనుకోవచ్చు! భర్త భక్తిపరుడు, అందులో ఎవరికీ సందేహం లేదు. అయినా అప్పు మిగిల్చి చనిపోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెను అడిగింది ఏమిటి? నీ ఇంట్లో ఏముందని. నూనె కుండ ఒక్కటే ఉందంది. ఆ నూనె అమ్మి మొదట అప్పు తీర్చమని, మిగిలినదానితో బతకమని చెప్పాడు. అద్భుతం గురించి మేము చాలా ప్రసంగాలు చేశాం. ‘ఇంట్లో ఏముంది’ అన్న ప్రశ్న మీద, ‘మొదట అప్పు’ అన్న వరస మీద ఎన్ని చేశామో నాకు జ్ఞాపకం రావడం లేదు. మన ఆరాధనల్లో సాక్ష్యాల సమయం వస్తే ‘మా అబ్బాయికి వీసా వచ్చింది’ అని లేచి స్తుతి చెల్లిస్తారు, మేము చప్పట్లు కొట్టిస్తాం. ఆ వీసా వెనక బ్యాంకులో తాకట్టుపెట్టిన ఇంటి కాగితాల కోసం ఎవరూ ప్రార్థన అడగరు, మేమూ అడగం. మూడేళ్ల తర్వాత ఆ తల్లి ఒంటరిగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడినప్పుడు గాని తెలియదు.

ఆ రోజు అమ్మాయి కాగితం మడిచి మేడ మీదికి వెళ్లిపోయింది. కోపంగా కాదు గాని, కలగన్న కాలేజీ చేజారిందని తెలిసిన ముఖంతో. లెక్క సరిగ్గా చేసినంత మాత్రాన మనసు నొప్పి తగ్గదు కదా. వాళ్లమ్మ వెనకాలే వెళ్లింది. నేను వచ్చేసే ముందురోజు మాత్రం తనే ఫోన్ చేసింది. ‘‘పాస్టర్ అంకుల్, ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలోనే చదువుతాను. బట్ ఇంగ్లీషే. తాతయ్యకు మీరే చెప్పాలి’’ అంది.

చెప్పాను. వచ్చిన మర్నాడే మాస్టారి ఇంటికి వెళ్లి, నా కాపీ కాగితం ఆయన ముందుపెట్టాను. పొలం అమ్మక్కర్లేదన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని వరసవరసా చదివారు. నేను ఎదురుగా ముప్పావు గంట కూర్చున్నాను, పరీక్ష పేపరు దిద్దించుకునే కుర్రాడిలాగా.

‘‘ఈ నాలుగేళ్లూ చదువుకునే రోజుల్లో వడ్డీ ఎవరు కడతారు?’’ అని అడిగారు హఠాత్తుగా.

నాకు మాట రాలేదు. పేదింటి పిల్లలకైతే ఆ రోజుల వడ్డీ చాలావరకు ప్రభుత్వమే భరిస్తుంది. తండ్రికి సాఫ్ట్‌వేర్ జీతం కాబట్టి ఈ అమ్మాయికి ఆ సదుపాయం రాదు. మొదటి రోజు నుంచే వడ్డీ పేరుకుంటుంది. హీబ్రూలో వడ్డీకి ఉన్న ‘నెషెక్’ అన్న మాటకు మూలార్థం ‘కాటు’ అని వేదాంత కళాశాలలో నేర్చుకుని, ఎన్నోసార్లు ప్రసంగాల్లో చెప్పి, తీరా లెక్క వేసేటప్పుడు నేనే మరిచిపోయాను! మాస్టారు బల్ల సొరుగులోంచి ఎర్ర పెన్ను తీశారు. నాలుగేళ్ల వడ్డీ సుమారు 4,000 డాలర్లని పక్కన వేసి, 27,000ను 31,000 చేసి, నేను రాసిన 305ను కొట్టేసి 350 అని దిద్దారు.

‘‘ఇది కూడా దానికి చెప్పండి. ఎంత తక్కువ తీసుకుంటే అంత మంచిదనండి’’ అన్నారు. కాగితం మడిచి తన బైబిల్లో పెట్టుకున్నారు. నేను లేవబోతుంటే మళ్లీ ఆపారు. ‘‘అయ్యగారూ, మొదటి ఏడాదిలో షేక్‌స్పియర్ ఏ నాటకం చెబుతారో కనుక్కున్నారా?’’